కూరలు కుళ్ళకుండా, ఆకులు వాడకుండా: గోదావరి డెల్టా ఇళ్ళకు తగిన నిల్వ పద్ధతులు

గోదావరి డెల్టాలో తాజా కూరకు కరువు లేదు. లంక భూముల్లో తెల్లవారకముందే కోసిన తోటకూర, వంకాయలు, బీరకాయలు పొద్దెక్కే వేళకు రాజమహేంద్రవరం, రావులపాలెం, అమలాపురం, పాలకొల్లు బజార్లకు చేరుతాయి. ఇంత దగ్గరి నుంచి వచ్చిన సరుకు కూడా ఇంట్లో రెండో రోజుకే పాడైపోతుంటే, చాలామంది తప్పును అమ్మినవారి మీద వేస్తారు. కానీ కొత్తిమీర కట్ట నడుమ నల్లబడి జిగురు పట్టడానికీ, బెండకాయల ముచ్చికల దగ్గర బూజు కనిపించడానికీ, చుక్కకూర మెత్తబడి వాసన రావడానికీ కారణాలు ఎక్కువగా మన ఇంటి గాలిలోనూ, మనం వాటిని ఉంచిన తీరులోనూ ఉంటాయి. తడి గుడ్డ కప్పమని, నీళ్ళు చిలకరించమని, కుండలో పెట్టమని అందరూ చెప్పే సలహాలు పొడి గాలి వీచే ప్రాంతాలకు చక్కగా సరిపోతాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలోనే తడి ఉండే డెల్టాలో అవే సలహాలు కూరను ఇంకా త్వరగా కుళ్ళబెడతాయి. అందువల్ల ఇక్కడి వాతావరణానికి తగినట్టు ఏ ఆకును, ఏ కాయను, ఏ దుంపను ఎక్కడ, ఎలా ఉంచాలో విడివిడిగా చెప్పుకోవలసి ఉంటుంది.

కోసిన తరువాత కూడా ఆకు, కాయ బతికే ఉంటాయి. అవి శ్వాసిస్తూ, తమలో దాచుకున్న పిండిపదార్థాన్నీ చక్కెరనూ ఖర్చు చేసుకుంటూ, కొంత వేడిని బయటికి వదులుతాయి. చుట్టూ ఉన్న వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ శ్వాస వేగం సుమారుగా రెండు మూడు రెట్లు అవుతుంది. ఎండలో బండి మీద గంటసేపు ఉన్న ఆకుకూర ఇంటికి వచ్చేసరికే కొంత ఆయుష్షు పోగొట్టుకోవడానికి కారణం ఇదే. మరోవైపు ఆకు తనలోని నీటిని నిరంతరం గాలిలోకి వదులుతూ ఉంటుంది, వేరు లేదు కాబట్టి పోయిన నీరు తిరిగి రాదు. చాలా కూరగాయలు తమ బరువులో 5 నుంచి 10 శాతం నీరు కోల్పోయేసరికి వడలిపోతాయి. పాలకూర వంటి మెత్తని ఆకులకు అంతకన్నా తక్కువ నష్టమే చాలు. ఇక మూడవ శత్రువు ఆకు పైన నిలిచిన నీటి పొర. కుళ్ళు పుట్టించే బాక్టీరియా, బూజు ఆ పొరలోనే పెరిగి, ఆకు మీది చిన్న చిన్న గాయాల గుండా లోపలికి దిగుతాయి.

కాబట్టి నిల్వ పద్ధతులన్నింటికీ ఆధారం ఒక్కటే: ఆకు లోపలి నీరు పోకూడదు, ఆకు పైన నీరు నిలవకూడదు. ఈ రెండింటినీ ఒకేసారి సాధించవలసి రావడమే ఇందులోని చిక్కు. వానాకాలంలో మన వంటింటి గాలి తడిగా, కదలిక లేకుండా ఉంటుంది. అక్కడ ఆకు ఎండిపోయే ప్రమాదం తక్కువ, కుళ్ళే ప్రమాదం ఎక్కువ. ఫ్రిజ్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. గాలిలోని తేమ చల్లటి గొట్టాల మీద మంచుగా, నీరుగా మారి బయటికి పోతుంది కనుక లోపలి గాలి చాలా పొడిగా ఉండి, ఏ కప్పూ లేకుండా పెట్టిన ఆకును ఒక్క రాత్రిలో వడలగొడుతుంది. అందుచేత ఫ్రిజ్‌లో ఆకును కాపాడే ప్లాస్టిక్ కవరు, అదే ఆకును వంటింటి గట్టు మీద కుళ్ళబెడుతుంది. బయట ఉంచే దానికి గాలి ఆడాలి, లోపల ఉంచే దానికి కప్పు ఉండాలి అన్న ఈ తేడా మనసులో ఉంటే మిగిలినవన్నీ సులువుగా అర్థమవుతాయి.

తెచ్చిన వెంటనే చేయవలసిన పని

ఇంటికి వచ్చిన అరగంటలో చేసే పనే ఆ తరువాతి వారం రోజులను నిర్ణయిస్తుంది. సంచిని అలాగే ఫ్రిజ్‌లోకి తోసి, తీరిక దొరికినప్పుడు చూసుకుందామనుకోవడం వల్ల జరిగే నష్టం మరే పొరపాటు వల్లా జరగదు. ముందుగా ప్రతి కట్టకు ఉన్న అరటినారనో రబ్బరు బ్యాండునో తీసివేయాలి. కట్టు బిగిసిన చోట కాడలు నలిగి ఉంటాయి; అక్కడే గాలి ఆడక, ఆకుల శ్వాస వల్ల పుట్టిన వేడి పోయే దారి లేక, కుళ్ళు మొదలవుతుంది. బజారులో అమ్మేవారు ఆకులు వాడకుండా పొద్దుటి నుంచీ నీళ్ళు చల్లుతూ ఉంటారు. ఎండలో కూర్చుని అమ్ముకునేవారికి అది తప్పనిసరి. అయితే ఆ నీటిని మనం ఇంట్లో దాచిపెట్టకూడదు. శుభ్రమైన నూలు గుడ్డ పరచి, ఆకులను పల్చగా ఆరబోసి, ఫ్యాను కింద పై తడి పోయేవరకు ఉంచాలి. మామూలు రోజుల్లో ఇరవై నిమిషాలు సరిపోతాయి, ముసురు పట్టిన రోజున గంట పట్టవచ్చు. ఆకు చేతికి పొడిగా తగలాలే గాని వాడిపోకూడదు.

ఆరేలోగా ఏరడం కూడా పూర్తి చేయవచ్చు. పసుపు పచ్చబడినవి, విరిగినవి, మచ్చలు పడినవి, పురుగు తొలిచినవి పక్కకు తీయాలి. చెడిన ఆకు ఒక్కటి లోపల మిగిలినా చుట్టూ ఉన్నవాటికి కుళ్ళు అంటుకుంటుంది కాబట్టి ఈ ఏరడంలో మొహమాటం పనికిరాదు. సగం బాగున్న ఆకులను ఆ పూట పప్పులో వేసేయడం మంచిది.

కడిగి దాచాలా, దాచి కడగాలా అన్న ప్రశ్నకు నా సమాధానం రెండోదే. వండే ముందు కడుక్కోవడమే శ్రేయస్కరం. లంకల నుంచి వచ్చే ఆకుకూరల వేళ్ళకు ఒండ్రు దండిగా అంటుకుని ఉంటుంది. తోటకూర, పాలకూర అయితే వేళ్ళను కోసి పారేస్తే చాలు. ఉద్యోగాలకు వెళ్ళే వాళ్ళు ముందే కడిగి పెట్టుకోక తప్పదనుకుంటే, కడిగిన తరువాత చిల్లుల గిన్నెలో వార్చి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టిన మీదటే డబ్బాలో పెట్టాలి.

ఆకులను దేనిలో చుట్టాలన్నది కూడా ముఖ్యమే. పాత దినపత్రికలలో చుట్టమని చాలామంది చెబుతారు, ఆ కాగితం తడిని పీల్చుకోవడం నిజమే. కాని అచ్చు సిరాలో ఉండే రసాయనాలు ఆహారానికి అంటుకుంటాయి కనుక, ఆహార పదార్థాలను వార్తాపత్రికలలో చుట్టవద్దని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనూ, మళ్ళీ 2023లోనూ హెచ్చరించింది. మన ఇళ్ళలో పాత నూలు పంచెలకు, మెత్తబడిన నేత చీరలకు లోటు ఉండదు. వాటిని మూరెడు మూరెడు ముక్కలుగా చింపి, ఉతికి, ఎండలో ఆరవేసి కూరల కోసమే విడిగా ఉంచుకుంటే కాగితం అవసరమే రాదు. నూలు గుడ్డ ఆకు మీది తడిని తాను తీసుకుని, ఆకు చుట్టూ గాలిని మాత్రం పూర్తిగా ఎండిపోనివ్వదు. వారానికి ఒకసారి ఆ గుడ్డలను వేడినీళ్ళలో ఉతకాలి.

కొత్తిమీర, పుదీనా, కరివేపాకు

ఈ మూడింటినీ కూరకు తగిలించే కొసరుగా చూసి ఒకే కవరులో వేసి ఉంచడం మామూలు. వాటి స్వభావాలు వేరు కాబట్టి వేరువేరుగా ఉంచడమే మేలు.

కొత్తిమీర చల్లదనాన్ని బాగా ఇష్టపడుతుంది; మంచు కట్టనంతవరకు ఎంత చల్లగా ఉంటే అంత కాలం నిలుస్తుంది. వేళ్ళతో దొరికితే వేళ్ళతోనే కొనాలి. వేళ్ళ దగ్గరి మట్టిని మాత్రం కడిగి, ఆకులు తడవకుండా చూసి, రెండు అంగుళాల నీరు ఉన్న గాజు గ్లాసులో నిలబెట్టి, పైన పల్చని కవరును వదులుగా బోర్లించి ఫ్రిజ్‌లో పెడితే పది రోజుల వరకు పచ్చగా ఉంటుంది. రెండు రోజులకు ఒకసారి నీరు మార్చాలి, నీటిలో మునిగే చోట ఆకు ఒక్కటి కూడా ఉండకూడదు. ఫ్రిజ్‌లో గ్లాసు నిలబెట్టడానికి చోటు లేనివారు వేళ్ళు కోసివేసి, ఆరిన కాడలను నూలు గుడ్డలో వదులుగా చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవచ్చు. డబ్బాను కుక్కినట్టు నింపరాదు. మూడో రోజున తెరిచి చూసి, గుడ్డ చెమ్మగిల్లి ఉంటే పొడి గుడ్డకు మార్చాలి. కోసి తరిగి దాచిన కొత్తిమీర మాత్రం ఏ పద్ధతిలోనూ రెండు రోజులకు మించి బాగుండదు, ఎందుకంటే కత్తి పడిన ప్రతిచోటా అది కొత్తగా గాయపడి రసం కారుతుంది.

పుదీనాకు కాడ గట్టిది, ఆకు సున్నితమైనది. నలిగితే గంటలోనే నల్లబడుతుంది. ఆకులను కాడల నుంచి దూసి దాచకుండా కాడలతోనే ఉంచాలి. పైగా పుదీనా కాడను నీటిలో నిలబెడితే వారం పది రోజుల్లో కణుపుల దగ్గర వేళ్ళు వస్తాయి. ఆ కాడలను కుండీలో నాటుకుంటే మళ్ళీ కొనవలసిన పని పడదు.

కరివేపాకును ఈనెతో పాటు రెమ్మలుగా ఉంచితే, ఈనె ఎండుతూ ఆకులను రాల్చేస్తుంది. రెమ్మల నుంచి ఆకులు దూసి, తడి లేకుండా తుడిచి, అడుగున గుడ్డ పరచిన గాలి చొరని డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు నిలుస్తుంది. కరివేపాకు నల్లబడేది ప్రధానంగా తడి వల్లనే. డబ్బా మూత లోపలి వైపు నీటి బిందువులు కనబడితే వెంటనే తుడవాలి. నెలల తరబడి కావాలంటే నీడన గలగలలాడేలా ఆరబెట్టి సీసాలో దాచవచ్చు, కాని సువాసనలో సగం పోతుంది. పెరడున్న ఇంట కరివేపాకును దాచవలసిన అవసరమే లేదు. కడియం నర్సరీలలో దొరికే ఒక్క మొక్క రెండేళ్ళలో ఇంటికి సరిపడా ఆకు ఇస్తుంది. పందిరి మీది బచ్చలి తీగ, గోడవారన పొన్నగంటి మడి కూడా అంతే. చెట్టున ఉన్నంత తాజాగా ఆకును ఏ యంత్రమూ ఉంచలేదు కాబట్టి, రెండు మూడు కుండీలు పెట్టగలిగిన వారందరినీ ఆ పని చేయమని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఆకుకూరలు

తోటకూర, పాలకూర, మెంతికూర ఎంత జాగ్రత్త పడినా నాలుగైదు రోజులకు మించి రుచిగా ఉండవు. అందుచేత వారానికి ఒకేసారి కొనే అలవాటు ఉన్నవారు మొదటి రెండు రోజులకు మెత్తని ఆకుకూరలు, నడిమి రోజులకు బీర, బెండ, దొండ, చివరికి కంద, చామ, గుమ్మడి వచ్చేలా వంట క్రమాన్ని ముందే అనుకోవాలి. గోంగూర, చుక్కకూర పుల్లని ఆకులు. వీటికి పై తడి అసలు పనికిరాదు. బచ్చలి మందపాటి ఆకు కనుక కాస్త ఓర్చుకుంటుంది, కాని విపరీతమైన చల్లదనంలో నల్ల మచ్చలు పడుతుంది. మునగాకు విషయంలో చాలామంది చేసే పని ఒకటి ఉంది: రెమ్మలను గుడ్డలో మూట కట్టి ఒక రాత్రి ఉంచితే పొద్దుటికి ఆకులు వాటంతట అవే రాలి, దూసే శ్రమ తప్పుతుంది. ఆషాఢంలో మునగాకు తినే ఆనవాయితీ ఉంది కాబట్టి ఆ నెలలో ఇది బాగా ఉపయోగపడుతుంది. అయితే ఆ మూటను రెండో రాత్రి కూడా ఉంచితే లోపల వేడెక్కి ఆకు పసుపు పచ్చబడుతుంది.

ఫ్రిజ్ లేని ఇంట ఆకుకూరను ఒక్క రాత్రి నిలపడానికి అరటాకుకు మించినది లేదు. దాని మీది మైనపు పూత నీటిని బయటికి పోనివ్వదు, తనకు తానుగా తడి వదలదు. తమలపాకులనూ పూలనూ అరటాకుల్లో కట్టి పంపే పద్ధతి ఈ గుణం వల్లనే నిలిచింది. తుడిచి ఆరిన లేత అరటాకులో పొడిగా ఉన్న ఆకుకూరను పొట్లంలా కట్టి, గచ్చు మీద గాలి తగిలే చోట పెట్టాలి. అంతకన్నా ఎక్కువ కాలం ఈ పద్ధతి మీద ఆధారపడరాదు.

అరటిపండ్ల గెలకు దూరంగా

కోనసీమ ఇళ్ళలో వసారాలోనో వంటింటి మూలనో చక్కెరకేళి గెలో కర్పూర గెలో వేలాడుతూ ఉండడం చాలా సాధారణం. పండుతున్న అరటి, మామిడి, బొప్పాయి, టమాటా పండ్లు ఎథిలీన్ అనే వాయువును వదులుతాయి. రంగు, వాసన ద్వారా మనకు తెలియకపోయినా, ఆ వాయువు తగిలిన ఆకుకూరలు త్వరగా పసుపు పచ్చబడతాయి, కాకరకాయలు పండి పగులుతాయి, దోసకాయలు రంగు మారతాయి, క్యారట్లకు చేదు వస్తుంది. కూరల బుట్టను పండ్ల గెల ఉన్న గదిలో ఉంచకూడదు. ఫ్రిజ్‌లో కూడా పండ్లకూ ఆకులకూ వేరువేరు అరలు ఉండాలి. కూర అరటికాయలను పండిన అరటిపండ్ల పక్కన ఉంచితే అవి కూడా రెండు రోజుల్లో మెత్తబడి కూరకు పనికిరాకుండా పోతాయి.

అన్నిటికీ చల్లదనం మంచిది కాదు

ఫ్రిజ్ లోపలి వేడి సాధారణంగా 4 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఆకుకూరలకు, కాబేజీ, కాలీఫ్లవర్, క్యారట్, బీట్‌రూట్, ముల్లంగికి ఇది చాలా అనుకూలం. క్యారట్, ముల్లంగిలకు పైన ఉన్న ఆకులను తెచ్చిన రోజే కోసివేయాలి, లేకపోతే ఆ ఆకులు దుంపలోని నీటిని లాగేస్తాయి. కాని వంకాయ, బెండకాయ, దోసకాయ, టమాటా, చిలగడదుంప, అల్లం, గుమ్మడి, అరటికాయ ఉష్ణ ప్రాంతాలలో పుట్టినవి. 10 లేదా 12 డిగ్రీల కంటే చల్లగా కొన్ని రోజులు ఉంచితే వాటి కణజాలం దెబ్బతింటుంది. ఆ దెబ్బ ఫ్రిజ్‌లో ఉన్నంతసేపు పెద్దగా కనిపించదు, బయటికి తీసిన తరువాత బయటపడుతుంది: వంకాయ గింజలు నల్లబడతాయి, తోలు మీద గుంటలు పడతాయి, బెండకాయ మీద నల్ల చారలు వస్తాయి, దోసకాయ నీరు కారుతుంది.

అందువల్ల వంకాయలను శీతాకాలంలో బయటే, గాలి ఆడే వెదురు బుట్టలో ఉంచి రెండు రోజుల్లో వండడం మంచిది. వేసవిలో ఫ్రిజ్ తప్పనప్పుడు, గుడ్డలో చుట్టి, అన్నిటికన్నా తక్కువ చల్లగా ఉండే తలుపు అరల దగ్గరనో, కింది సొరుగులోనో పెట్టి మూడు రోజులలోపు వాడాలి. బెండకాయకు నీరు తగలడమే పెద్ద హాని. ఒక్కొక్క కాయనూ తుడిచి, చిన్న చిన్న రంధ్రాలు ఉన్న కవరులో గాని గుడ్డ సంచిలో గాని పెట్టాలి. టమాటాలు దోరగా ఉన్నప్పుడు ఫ్రిజ్‌లో పెడితే పండడం ఆగిపోతుంది, రుచి, వాసన కూడా తగ్గిపోతాయి. ముచ్చిక ఉన్న వైపు కిందికి ఉండేలా పళ్ళెంలో ఒక్క వరుసగా పేర్చి పండనిచ్చి, పూర్తిగా పండిన వాటిని మాత్రమే లోపలికి మార్చాలి. దొండకాయలు బయట ఉంటే రెండో రోజుకే లోపల ఎర్రబడతాయి కనుక వాటికి ఫ్రిజ్ సొరుగే తగిన చోటు.

ఆనపకాయ, పొట్లకాయ, బీరకాయ కోయనంతవరకు రెండు మూడు రోజులు బయట ఉంటాయి. కోసిన ముక్కను తడి లేని గుడ్డతో కోత మీద కప్పి ఫ్రిజ్‌లో పెట్టి మరునాటికే వండాలి. పచ్చిమిరపకాయలకు తొడిమలు తీయడం తప్పనిసరి, ఎందుకంటే కుళ్ళు మొదట తొడిమ దగ్గరే పుడుతుంది. తొడిమలు తీసి, ఆరబెట్టి, గుడ్డ పరచిన డబ్బాలో ఉంచితే రెండు వారాలు గట్టిగా ఉంటాయి. నిమ్మకాయలు బయట వారంలో గట్టిపడతాయి. మూసిన కవరులో ఫ్రిజ్‌లో ఉంటే నెల వరకు రసం తగ్గవు.

ఫ్రిజ్ సొరుగును వారానికి ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, సబ్బు నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, అడుగున కొత్త గుడ్డ వేయాలి. పాత కూర కుళ్ళిన మరకలోని సూక్ష్మజీవులు కొత్త కూరకు అంటుకుంటాయి.

దుంపలు, ఉల్లిపాయలు

ఇవి చాలా ఓర్పు గలవి, ఒక్క తడిని తప్ప అన్నిటినీ సహిస్తాయి. కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండే కంద పూర్తి దుంపగా ఉంటే నీడన, పొడి నేల మీద నెలల తరబడి నిలుస్తుంది. కోసిన కందను కవరులో చుట్టడం తప్పు. కోత ముఖాన్ని గాలికి ఆరనిస్తే పైన పొర గట్టిపడి, లోపలి భాగాన్ని కాపాడుతుంది. మళ్ళీ వండేటప్పుడు ఆ పై పొరను చెక్కివేస్తే సరి. చామదుంపలు, పెండలం, చిలగడదుంపలు కూడా గోనెపట్టా మీద పల్చగా పరచి ఉంచవలసినవే.

బంగాళాదుంపలకు వెలుతురు తగిలితే తోలు ఆకుపచ్చబడి సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, కాబట్టి చీకటి చోటు కావాలి. ఫ్రిజ్‌లో పెడితే పిండి చక్కెరగా మారి, వేయించినప్పుడు ముదురు రంగు వస్తుంది. ఉల్లిపాయల పక్కన వాటిని పెట్టకూడదు. దుంపలు వదిలే తేమకు ఉల్లిపాయలు మొలకెత్తుతాయి.

తాడేపల్లిగూడెం మార్కెట్టుకు వచ్చే ఉల్లిపాయల్లో వానాకాలపు పంటలో నీటి శాతం ఎక్కువ, అవి నిల్వకు పనికిరావు. రబీ పంట, అంటే వేసవి మొదట్లో వచ్చే గట్టి పొరల పాయలే నాలుగు నెలలకు పైగా ఆగుతాయి. ఎక్కువ కొనదలచినవారు ఏ కాలపు పంటో అడిగి కొనాలి. మెడ దగ్గర నొక్కి చూసినప్పుడు మెత్తగా ఉన్న పాయను ముందుగా వాడేయాలి. వల సంచిలోనో ఉట్టిలోనో వేలాడదీస్తే అన్ని వైపుల నుంచీ గాలి తగులుతుంది. పాతకాలపు ఉట్టి ఇంకా ఉన్న ఇళ్ళవారు ఉల్లి, వెల్లుల్లి కోసం దాన్ని తప్పక వాడుకోవాలి. అల్లాన్ని పొడి గుడ్డలో చుట్టి ఉంచవచ్చు. అల్లం వెల్లుల్లి ముద్దను మాత్రం నూనె పోసినా సరే గది వేడిలో ఉంచరాదు. గాలి చొరని నూనె అడుగున ప్రాణాంతకమైన బోటులినమ్ విషం పుట్టే వీలుంది. కొద్దికొద్దిగా నూరుకుని ఫ్రిజ్‌లోనే పెట్టాలి.

రోహిణి ఎండల్లో తడి ఇసుక కుండ

తడి ఆవిరై చల్లబరిచే పద్ధతి డెల్టాలో పనిచేసే రోజులు కొన్ని ఉన్నాయి. మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, పడమటి నుంచి పొడి వడగాలి వీచినప్పుడు నీరు త్వరగా ఆవిరవుతుంది కనుక అప్పుడు ఈ పద్ధతి ఫ్రిజ్ లేనివారికి నిజంగా ఉపకరిస్తుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1980ల తొలినాళ్ళలో ఇదే సూత్రం మీద, విద్యుత్తు అవసరం లేని ఇటుకల గదిని రూపొందించింది. రెండు ఇటుక గోడల మధ్య సుమారు ఏడున్నర సెంటీమీటర్ల ఖాళీని ఇసుకతో నింపి, ఉదయం సాయంత్రం తడుపుతారు. ఇంటి అవసరానికి రెండు మట్టి కుండలు చాలు. పెద్ద కుండలో అడుగున నాలుగు వేళ్ళ మందం గోదావరి ఇసుక పోసి, నునుపు పూత లేని చిన్న కుండను దానిలో నిలిపి, చుట్టూ ఇసుక నింపి, ఇసుకను మాత్రమే తడపాలి. చిన్న కుండ లోపల నీరు ఉండకూడదు. కూరలు పెట్టి, పైన తడి గోనె ముక్క కప్పి, ఎండ తగలకుండా, గాలి వీచే గుమ్మం దగ్గర ఉంచాలి. వంకాయలు, బెండకాయలు, దోసకాయలు, టమాటాలు ఇందులో ఫ్రిజ్‌లో కంటే మేలైన స్థితిలో ఉంటాయి, ఎందుకంటే వాటిని దెబ్బతీసేంత చల్లదనం ఇక్కడ రాదు. తొలకరి పడి గాలి తడిగా మారిన నాటి నుంచి ఈ కుండ పనిచేయదు. అప్పుడు దాన్ని కడిగి ఎండబెట్టి అటకెక్కించాలి.

ఎండబెట్టడం, మగ్గబెట్టడం, ఫ్రీజరు

సంక్రాంతి తరువాత నుంచి మే దాకా ఉండే ఎండలు వరుగులకు అనువైనవి. గోరుచిక్కుడు, కాకర, వంకాయ, దోసకాయ ముక్కలను పల్చగా తరిగి, ఉప్పు కలిపిన మజ్జిగలోనో ఉప్పునీటిలోనో కొంతసేపు ఉంచి, చాపల మీద పరచి మూడు నాలుగు రోజులు గట్టి ఎండలో పెట్టాలి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తేవాలి. ముక్క వంగకుండా విరిగితేనే ఎండినట్టు లెక్క. తడి లేని గాజు సీసాలో దాచి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి, కార్తీకంలో ఎండ వచ్చాక ఒకసారి మళ్ళీ ఎండబెడితే బూజు పట్టదు. చల్లమిరపకాయలకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

గోంగూర ఎక్కువగా వచ్చినప్పుడు ఆకులను కడిగి, నీడన చెమ్మ లేకుండా ఆరబెట్టి, నూనెలో నీరంతా ఇగిరేదాకా మగ్గించి, ఉప్పు కలిపి జాడీకి ఎత్తుకోవచ్చు. కావలసినప్పుడు కొంత తీసి మిరపకాయలతో నూరుకుంటే సరిపోతుంది. పులుపు లోహాన్ని తింటుంది కాబట్టి అల్యూమినియం, ఇత్తడి పాత్రల్లో ఉంచకూడదు, జాడీలో తడి గరిటె పెట్టకూడదు.

ఫ్రీజరు ఉన్నవారు మునక్కాడ ముక్కలను, చిక్కుడు గింజలను మరిగే నీటిలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీటిలో వేసి, ఆరబెట్టి పెట్టుకుంటే నెలల తరబడి రంగు, రుచి నిలుస్తాయి. ఈ వేడి లేకుండా పచ్చివే పెడితే ఎంజైములు నెమ్మదిగా పనిచేసి రుచిని పోగొడతాయి. పనసపొట్టు గాలి తగలగానే నల్లబడుతుంది కనుక కొట్టించిన రోజే పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీరు పిండి, ఒక్కొక్క పూటకు సరిపోయే ముద్దలుగా ఫ్రీజరులో పెట్టాలి. కొబ్బరి కోరుకు కూడా ఫ్రీజరే మంచిది. కొట్టిన చెక్క ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకే జిగురు పడుతుంది. మిగిలిన కొత్తిమీర, పుదీనాలను కొద్ది నీటితో రుబ్బి ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించుకుంటే రసానికి, పచ్చడికి అక్కరకు వస్తాయి.

వరద, తుఫాను రోజుల్లో

1986 ఆగస్టు, 2022 జూలై వరదల వంటివి వచ్చినప్పుడు లంకల పంటలు మునిగి బజార్లకు కూర ఆగిపోతుంది. నీరు తీసిన తరువాత మొదట వచ్చే ఆకుకూరల మీద మురుగు కలిసిన వరద నీరు నిలిచి ఉండే అవకాశం ఎక్కువ. నీట మునిగిన ఆకుకూరలను, పచ్చిగా తినే కీర, కొత్తిమీర వంటి వాటిని కొనకపోవడమే క్షేమం. తోలు గట్టిగా ఉన్న గుమ్మడి, కంద వంటివాటిని పారే నీటిలో రుద్ది కడిగి, తోలు తీసి, బాగా ఉడికించి తినవచ్చు. ఏ కాలంలోనైనా చేదుగా ఉన్న ఆనపకాయను, బీరకాయను తినకూడదు. కోసిన వెంటనే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి, చేదు తగిలితే ఉమ్మివేసి కాయ మొత్తం పారవేయాలి.

1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను తరువాత రోజుల తరబడి కరెంటు లేని సంగతి అప్పటివారికి గుర్తుంటుంది. తుఫాను హెచ్చరిక వినగానే ఫ్రిజ్‌లోని మెత్తని ఆకులను వండేసి, కంద, చామ, ఉల్లి, గుమ్మడి, అరటికాయలను తెచ్చి ఎత్తైన చోట పెట్టుకోవాలి. ఫ్రీజరులోని ఖాళీ చోటును నీటి సీసాలతో నింపి గడ్డ కట్టించాలి. కరెంటు పోయిన తరువాత తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని నిలుపుతాయి. ఆ గడువు దాటితే ముందుగా కొబ్బరి, రుబ్బిన ముద్దలు, ఉడికించి దాచినవి తీసి చూడాలి. ఇంకా మంచు పలుకులు ఉన్నవాటిని ఆ పూటే వండుకోవచ్చు. పూర్తిగా కరిగి, గది వేడికి వచ్చి రెండు గంటలు దాటినవాటిని వాసన బాగున్నా వాడకుండా పెరట్లో గొయ్యి తీసి పూడ్చివేయాలి.